జెండా కట్టిన దోటి

నేను ఒక దోటిని. నేను కోసిన కొమ్మను మేకలు ముట్టడం లేదని, నా కత్తికి నెత్తురు వాసన పట్టిందని ఎదురింటి వెంకాయమ్మ ఊరంతా చెబుతోందట. పోలీస్ స్టేషన్ మూలన నిలబడ్డ నేను, కానిస్టేబుళ్లు చెప్పుకుని నవ్వుతుంటే విన్నాను. పచ్చి అబద్ధం. ఆ రోజు తర్వాత నేను కొమ్మ కోస్తేగా!

నన్ను చేసింది మేకల యలమంద. పొడవాటి వెదురును మంట మీద కాచి వంపు తీసి, కొనకు కొడవలి ముక్క బిగించాడు. నాకు తుమ్మకొమ్మ అందితేనే అతని మేకలకు వేసవి గడిచేది. మేకలోళ్లలో ఒక కట్టుబాటుంది: ఎవరు దోటి అడిగినా లేదనకూడదు. అదే కొంప ముంచింది.

పార్లమెంటు ఎన్నికల ఫలితాలొచ్చాయి. ఓట్లు మార్చేశారని ఓడినవాళ్లు, ఓర్వలేని ఏడుపని గెలిచినవాళ్లు. గద్దె ఢిల్లీలో, పగిలే తలకాయలు మా సెంటర్లో. ఓడిన పార్టీ వాళ్లు ఊరేగింపుకు ఎత్తయిన కర్ర కావాలని వచ్చారు.

"ఉండండ్రా, కత్తి ఊడదీసిస్తా," అన్నాడు యలమంద.

"ఎందుకు బాబాయ్? జెండా జారకుండా కొక్కెం ఉండాల."

నిజమేననుకుని తనే జెండాను నా కత్తికి తగిలించి తాడు కట్టాడు. దేశాన్ని కాపాడబోతున్న వీరులు నన్ను భుజానేసుకుని పోయారు.

పొద్దు వాలినా నన్ను తిరిగి తేలేదు. మేకలు ఆకలికి అరుస్తుంటే యలమంద నాకోసం సెంటరుకొచ్చాడు. అప్పటికే గెలిచినవాళ్లు రాళ్లతో దిగారు. జెండా చిరిగింది, కత్తి బయటపడింది. చెరో వైపు పట్టుకుని నన్ను గుంజుతున్నారు.

"నా దోటిరా, ఇచ్చెయ్యండ్రా!" అంటూ అతను మధ్యలో చెయ్యి పెట్టాడు.

అతని ఎడమచేతి బొటనవేలూ, ఓటు సిరా ఇంకా చెరగని చూపుడువేలూ నా కత్తికే తెగిపడ్డాయి. జనం వాటిని తొక్కుకుంటూ పోయారు. పోలీసులొచ్చి కేసు రాసుకుని, సాక్ష్యమంటూ నన్ను స్టేషనుకు పట్టుకుపోయారు.

మర్నాడు రెండు పార్టీలూ అతని ఫొటోతో ఫ్లెక్సీలు కట్టాయి. మా కార్యకర్తపై దాడి అని ఇటూ రాశారు, అటూ రాశారు. అతనికి మేకలు తప్ప పార్టీ ఏది? రెండు వేళ్లు లేని చేత్తో దోటి పట్టలేక, సగం మేకలను సంతకు తోలాడు.

ఇవాళ ఢిల్లీలో పెద్దలకు పొత్తు కుదిరిందట. ఇక్కడి ఇద్దరు నాయకులూ ఒకే కారులో స్టేషనుకొచ్చి, ఒకే పొట్లంలో మిరపకాయ బజ్జీలు తింటూ యలమందనూ అతని భార్య కోటమ్మనూ పిలిపించారు.

"రాజీ అయిపోయింది యలమందా. ఎడమచేతి బొటనవేలు ముద్ర వెయ్యి," అన్నాడు ఎస్సై, కాగితం మీంచి తలెత్తకుండా.

యలమంద చేతిని కండువాలో దాచుకున్నాడు. కోటమ్మ ముందుకొచ్చింది.

"ఆ వేలు సెంటర్లోనే పడిపోయింది గదయ్యా. మీరిద్దరూ ఇప్పుడు ఒకటేగా, కలిసి ఎతికి పట్టకరండి. ఏస్తాడు."