జడ్జిగారి ఉమ్మి

ఆటిజం ఉన్న పిల్లల జన్యువులను చదవడం నా ఉద్యోగం. ఆ చదువుకు పెట్టుబడి ఉమ్మి. అమ్మ, నాన్న, బిడ్డ తలా ఒక చిన్న ట్యూబులో గీత దాకా ఉమ్మి ఇస్తే, బిడ్డలో కనిపించిన మార్పు ఎవరి నుంచి వచ్చిందో వెతకవచ్చు. వినడానికి ఎంత తేలికో! ఆ పాప మా గదిలో అడుగుపెట్టేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

పాపకు ఎనిమిదేళ్లు. నియమం అంటూ ఒకటి చెబితే తూచా తప్పకుండా పాటిస్తుంది, పక్కవాళ్లనూ వదలదు. అందుకే ఇంట్లో అందరూ జడ్జిగారు అంటారు. వాళ్లమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది, నాన్న బస్సు నడుపుతాడు. వాళ్లిద్దరి ట్యూబులూ ఇట్టే నిండాయి. జడ్జిగారు మాత్రం తన ట్యూబును వెలుతురుకు ఎత్తి చూసి, తిరిగి నా చేతిలో పెట్టేశారు.

"ఉమ్మకూడదు."

"ఇక్కడ ఉమ్మొచ్చమ్మా, నేను చెబుతున్నాగా."

"వాష్‌బేసిన్‌లోనే ఉమ్మాలి."

నేనేం తక్కువ తిన్నానా? ట్యూబు తీసుకెళ్లి వాష్‌బేసిన్‌లో నిలబెట్టాను. జడ్జిగారు దాన్ని పక్కకు జరిపి, బేసిన్‌లో శుభ్రంగా ఉమ్మి, మూతి తుడుచుకున్నారు. నాకు ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది. నోట్లో దూదిపుల్ల పెట్టనివ్వరు. సూది మాటెత్తితే ఇల్లు పీకి పందిరేస్తారట.

వాళ్లమ్మ ముఖం చిన్నబోయింది. "ఇంకో బిడ్డ కావాలనుంది మేడం. మళ్లీ ఇలాగే పుడితే వద్దని కాదు. ఇద్దరికీ నా చేతులు చాలతాయో లేదో ముందే తెలియాలి కదా."

"అసలు ఈ నియమం పెట్టిందెవరు?"

"మా అమ్మ."

మరుసటి వారం అమ్మమ్మగారు దిగారు. పాప చిన్నప్పుడు ప్రతి ముద్దా నేలమీద ఉమ్మేసేదట. ఉమ్మే ముఖం బొమ్మ గీసి, దానిమీద ఎర్రగా అడ్డగీతలు కొట్టి గోడకు అంటించింది ఈవిడే.

"మొక్కై వంగనిది మానై వంగునా అని అప్పుడే వంచానమ్మాయ్. ఇప్పుడు నువ్వొచ్చి ఉమ్మమంటే ఎలా?"

బతిమాలాను. శంఖంలో పోస్తేగాని తీర్థం కాదు, ఆ నియమాన్ని మార్చాలంటే ఆవిడే మార్చాలి. చివరికి కాగితం మీద ట్యూబు బొమ్మ గీసి పక్కన టిక్కు పెట్టింది. జడ్జిగారు దాన్ని పరిశీలించి, ట్యూబును అమ్మమ్మకే చాపారు.

"నువ్వు."

పుట్టి బుద్ధెరిగాక నలుగురిలో ఉమ్మి ఎరగని మనిషి. చెయ్యి అడ్డం పెట్టుకుని, గోడవైపు తిరిగి, కానిచ్చింది. జడ్జిగారు నాకూ ఒకటి ఇచ్చారు. గుమ్మంలో నిలబడి వినోదం చూస్తున్న మా టెక్నీషియన్‌కూ తప్పలేదు. అందరి వంతూ అయ్యాక జడ్జిగారు కొత్త ట్యూబు తీసుకుని సరిగ్గా గీత దాకా ఉమ్మారు. ఆ ట్యూబును నేను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెళ్లాను.

ఫలితం వచ్చాక, ఆసుపత్రి డాక్టరు కూడా సరిచూశాక, వాళ్లను పిలిచాను.

"పాప జన్యువుల్లో ఒకదానిలో ఒక్క అక్షరం మారింది. ఆ మార్పు మీ ఇద్దరిలోనూ కనబడలేదు, పాపతోనే మొదలైంది. మీకు పుట్టే ఇంకో బిడ్డకు ఇదే మార్పు రావడం చాలా అరుదు. అసలు రాదని మాత్రం ఒట్టేయలేను."

"అరుదు చాలు మేడం," అంది వాళ్లమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

"అయితే నా ఉమ్మి దండగేనా?" అంది అమ్మమ్మగారు.

"మీదే అన్నిటికన్నా పనికొచ్చిందండీ." నిజంగానే అన్నాను.

చాలాకాలం తర్వాత వాళ్లింటికి పిలిస్తే వెళ్లాను. కుట్టుమిషను పక్కన గోడమీద ఆ రెండు బొమ్మలూ అలాగే ఉన్నాయి. అమ్మమ్మ ఒళ్లో ఉన్న పసివాడు భళుక్కున పాలు కక్కాడు. అవి వెళ్లి జడ్జిగారి చొక్కా చేతిమీద పడ్డాయి. అందరం బిగుసుకుపోయాం.

"ఉమ్మకూడదు," అన్నారు జడ్జిగారు.

వాడు నవ్వుతూ బుడగ ఊదాడు, చొంగ కార్చాడు.

జడ్జిగారు గోడవైపు చూశారు, వాడివైపు చూశారు. లోపలికెళ్లి కాగితం, పెన్సిలు తెచ్చారు. గుండ్రటి బోడితల, కింద నాలుగు చుక్కలు, పక్కన పేద్ద టిక్కు. దాన్ని మిగతా రెండిటి కింద అంటించి తీర్పు చెప్పారు.

"తమ్ముడు ఉమ్మొచ్చు. పళ్లొచ్చేదాకా."

వాడి మూతి తుడవడానికి వాళ్లమ్మ మిషను దగ్గర్నుంచి లేవబోయింది. అప్పటికే జడ్జిగారు తన చొక్కా చేత్తో తుడిచేస్తున్నారు.

"చేతులు చాలతాయిలెండి మేడం," అంటూ మళ్లీ కూర్చుంది.