నాబ్‌కు పెట్టిన బొట్టు

ఆయుధపూజ నాడు సులోచనమ్మ చేతికి కుంకుమ గిన్నె చిక్కిందంటే, బాగేపల్లిలోని ఆ ఇంట్లో పనిముట్టన్నదేదీ తప్పించుకోలేదు. స్కూటరు, కొడవలి, మిక్సీ, చివరికి గ్యాస్ లైటరు కూడా బొట్టు పెట్టించుకోవాల్సిందే. ఈసారి కూతురు రంజిత తయారుచేసిన వీడియో గేమ్ రిమోట్ కూడా ఆ వరసలో చేరింది.

ఆ రిమోట్ తమ్ముడు లోకేశ్ కోసం. పోయినేడు వేరుశనగకాయలు ఒలిచే మిషన్‌లో నలిగి వాడి కుడి బొటనవేలు వంగకుండా పోయింది. చిన్నప్పుడు టీవీకి తగిలించే ఆటపెట్టెలో అక్కను ఏడిపించి మరీ గెలిచినవాడు, బటన్లు నొక్కలేక దాని వైపు చూడటమే మానేశాడు. రంజిత అది గమనించింది. సెల్‌ఫోన్లు బాగుచేసే పిల్ల, ఊరుకుంటుందా? చెడిపోయిన రేడియో నాబ్ పీకి, చిన్న బోర్డొకటి జోడించి, రిమోట్‌కు బిగించింది. అరచేత్తో తిప్పితే చాలు, తెరమీద బ్యాట్ అటూ ఇటూ జరిగి బంతిని కొడుతుంది. నిన్న తాను ఆడి చూస్తే చక్కగా నడిచింది.

పూజయ్యాక బతిమాలి కూర్చోబెడితే లోకేశ్ నాబ్ తిప్పాడు. బ్యాట్ చలిజ్వరం వచ్చినట్టు వణికింది. బంతి జారిపోయింది. మళ్ళీ తిప్పినా అంతే.

"వద్దులే అక్కా. నా చెయ్యే పనికిరాదు," అని లేచాడు.

"కూకోరా! చెయ్యి కాదు." నాబ్ సందులో ఎర్రటి తడి కనబడింది రంజితకు. "అమ్మా, నీళ్ళల్లో కలిపిన కుంకుమ దీనికి గూడా పూసినావా?"

"పూయకుంటే ఎట్ల? అదీ పనిముట్టే గదా!"

విప్పి తుడిస్తే అయిపోతుంది. కానీ స్క్రూడ్రైవర్ దేవుడి ముందుంది. పూజలో పెట్టినదాన్ని మర్నాటిదాకా ఎత్తకూడదు. చిన్నప్పుడు పెన్సిల్ ముట్టినందుకే సులోచనమ్మ వీపు విమానం మోత మోగించింది. వాడు ఇప్పుడు లేచి వెళ్తే మళ్ళీ కూర్చోడని రంజితకు తెలుసు. ఏడుపొచ్చింది.

సులోచనమ్మ కొడుకు ముఖం చూసింది. చరచరా వెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చి కూతురి చేతిలో పెట్టింది.

"పూసింది నేను. పాపముంటే నాకే తగలనీ. విప్పు."

స్పిరిట్‌తో తుడిచాక బ్యాట్ బుద్ధిగా కదిలింది. కాసేపటికే లోకేశ్ అక్కను ఓడించాడు. "రిమోట్ చేసినావు గానీ, ఆడేది రాదు కదక్కా నీకు!" అన్నాడు. రంజిత ఒళ్ళు మండినట్టు నటించింది గానీ, లోపల పట్టరాని సంతోషం.

సులోచనమ్మ మళ్ళీ కుంకుమ గిన్నె తెచ్చింది.

"అమ్మా, దానికొద్దు!" అని ఇద్దరూ అరిచారు.

"దానికి కాదులే," అంటూ ఆమె లోకేశ్ వంగని బొటనవేలికి బొట్టు పెట్టింది.