ప్రాసర్ గారి గేటు

వ్యాపారం మొదలుపెట్టిన నాటికి టాప్లీ చేతిలో ఉన్నవి ఒక పాత సైకిలు, టర్నిప్ విత్తనాల సంచి, ఇంగ్లండులోని హెర్ఫర్డ్‌షైర్ కొండవార ఏ రైతు తలుపు తట్టినా వంటింట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చేంత చనువు. విత్తనాలు అమ్మితే పొట్ట గడిచేది. చనువుతో పుస్తకం వచ్చింది. రైతుల మాటలు, వానలు, కంచెలు రాసి పంపితే లండన్‌లో ఎగబడి కొన్నారు. సరుకు ఇక్కడ ఊరికే దొరుకుతుంది, గిరాకీ అక్కడుంది. ఇంతకన్నా మంచి బేరం లేదనుకున్నాడు.

ఒక్కచోట లెక్క తప్పాడు. ఈనాక్ ప్రాసర్ పొలంలోంచి అడవికి వెళ్లే దారిని పేరుతో సహా రాశాడు. సెప్టెంబరులో పట్నంవాళ్లు ఆ పుస్తకం పట్టుకుని బస్సుల్లో దిగారు. అడవిపళ్లు కోసుకుని, గేటు మూయకుండా వెళ్లిపోయారు. పొట్టేలు ఆడగొర్రెల మందలో పడింది. గొర్రెపిల్లలు ఏప్రిల్ పచ్చికలో పుట్టాలని అక్కడ నవంబరు దాకా పొట్టేలును విడిగా ఉంచుతారు. ఇప్పుడవి ఫిబ్రవరి మంచులో పుడతాయి.

సంగతి తెలిసి టాప్లీ వెళితే ప్రాసర్ గుమ్మంలోనే ఆపేశాడు.

"ఏమయ్యా రచయితా, ఇంకేం కావాలి? మా ముసల్దాని మోకాళ్ల నొప్పులు కూడా రాస్తావా?"

"గేటు తెరిచింది నేను కాదు కదా, ప్రాసర్ గారూ."

"దారి చూపించిందెవరు మరి?"

తలుపు పడింది. మిగతా వంటిళ్లలో టీ అయితే ఇచ్చేవారు, వాన పడేలా ఉందనేవారు, అంతే. రెండో పుస్తకానికి సరుకు లేదు. చెడిపోయిన సరుకుకు క్షమాపణ చెల్లదని టాప్లీకి వ్యాపారం ఏనాడో నేర్పింది.

ఫిబ్రవరిలో మంచు పడ్డ ఉదయం గోనెపట్టాలు మోసుకుని, మంచులో దొరికిన గొర్రెపిల్లను చంకన పెట్టుకుని ప్రాసర్ గుమ్మానికి వచ్చాడు.

"ఈసారి రాయడానికి రాలేదు. పనికొచ్చాను."

"ఆ చేతులతోనా?" అన్నాడు ప్రాసర్.

లోపలినుంచి ఆయన భార్య హెస్టర్ కేకేసింది. "చలిలో నిలబెట్టి బేరాలేంటయ్యా? ముందు ఆ గొర్రెపిల్లని పొయ్యి దగ్గరికి తెమ్మను."

మంచు కరిగేదాకా టాప్లీ అక్కడే ఉన్నాడు. తడిసిన పిల్లలను గోనెతో తుడిచాడు, సీసాతో పాలు పట్టాడు. కొన్ని దక్కలేదు. చాలావరకు దక్కాయి.

ఆఖరి పిల్ల లేచి నిలబడ్డాక ప్రాసర్ పొగాకు పైపు వెలిగించాడు. "ఇదంతా రాసుకో. మా అడవి పేరు మాత్రం రాశావో, ఆ పొట్టేలుని నీమీదికే వదుల్తా."

"రాయను. గేటు మూయమని మొదటి పేజీలోనే రాస్తాను."

"నీ పట్నంవాళ్లకి గేటంటే తెలుసా అసలు?"

"అదీ రాస్తాను."

ఆ పుస్తకం మొదటిదానికన్నా బాగా అమ్ముడైంది. తర్వాత ఇంకెన్నో వచ్చాయి.

చివరికి లెక్క చూసుకుంటే సైకిలు తుప్పుపట్టింది, విత్తనాల సంచి వేరొకరి చేతికి వెళ్లింది. మిగిలింది ప్రాసర్ వంటింట్లో పొయ్యి పక్కన కుర్చీ, ఆ తలుపు తట్టకుండానే లోపలికి వెళ్లే హక్కు.