పెరట్లో డ్రైవరు సీటు

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆయన బస్సు నడిపాడు, ఆవిడ అదే బస్సులో టికెట్లు కొట్టింది. వాళ్ళ పెళ్ళి కూడా ఆ బస్సు పుణ్యమే. ఇద్దరూ రిటైరై ఊరి చివర పెంకుటింట్లో దిగాక కూడా ఇరుగుపొరుగుకి ఆయన డ్రైవరుగారే, ఆవిడ కండక్టరమ్మే. అసలు పేర్లు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడవు.

డ్రైవరుగారికి ఉన్న ఆస్తులు రెండు. ఒకటి పెరట్లో అంజూరపు చెట్టు. రిటైరైన ఏడాది తన చేత్తో నాటాడు కాబట్టి దాన్ని కన్నకూతురిలా చూసుకునేవాడు. రెండోది డ్రైవరు సీటు. డిపోలో పాత బస్సులు విప్పి సామాను అమ్మేస్తుంటే, తన బస్సు సీటూ స్టీరింగూ అడిగి మరీ తెచ్చుకున్నాడు. సీటుని చెట్టు కింద దిమ్మె మీద బిగించాడు. ముందు ఒక గుంజ పాతి దానికి స్టీరింగు అమర్చాడు. మధ్యాహ్నం భోంచేసి అందులో కూర్చున్నాడంటే ఇక పిలిచినా పలకడు. కునుకు పట్టినా చేతులు మాత్రం స్టీరింగు మీదే ఉండేవి. నిద్రలో ఎవర్నైనా గుద్దేస్తారేమో, ఇన్సూరెన్సు కూడా లేదు అని కండక్టరమ్మ ఎగతాళి చేసేది.

ఆవిడ ఆస్తి ఎగిరే ఆస్తి. తెల్లారగానే పిచ్చుకలకి నూకలు, గోరువంకలకి మూకుడులో నీళ్ళు, కాకి వస్తే దానికో అదిలింపు, అదిలించాక జాలేసి దానికీ ఓ ముద్ద. ఇవన్నీ మామూలు. అసలు కోరిక వేరే ఉంది. పికిలిపిట్ట తన అరచేతిలో వాలి తినాలి. తల మీద నల్లటి కుచ్చు, తోక కింద ఎర్రటి మచ్చ ఉంటుంది చూడండి, అదే. చిన్నప్పుడు వాళ్ళ నాన్న పండుముక్క పట్టుకు నిలబడితే వచ్చి చేతిలో వాలేదట. నా చేతిలోకీ వస్తుందా నాన్నా అంటే, పెద్దయ్యాక వస్తుందిలే అన్నాడట. "పెద్దదాన్నయ్యాను, ముసలిదాన్నీ అయ్యాను, ఇంకెప్పుడు వస్తుందో" అని నవ్వుతూనే అనేది గానీ, ఆ నవ్వులో కాస్త ఉక్రోషం కూడా ఉండేది.

రోజూ పొద్దున్నే ఆవిడ పండుముక్క అరచేతిలో పెట్టుకుని పెరట్లో నిలబడేది. పిట్ట బట్టలారేసే తీగ మీద వాలి, తల అటూ ఇటూ వంచి చూసేది. ఈలోగా లోపల పాలు పొంగేవి. లేకపోతే కుళాయి వచ్చేది. ఆవిడ ముక్క గోడ మీద పెట్టి పరుగెత్తేది. ఆవిడ గుమ్మం దాటగానే పిట్ట గోడ మీద వాలి, తాపీగా తినేసి మూతి తుడుచుకుని పోయేది.

గోడ మీది పండుతో సరిపెట్టుకుంటే గొడవే ఉండకపోను. పికిలిపిట్టలకి అంజూరపు చెట్టు రుచి కూడా తెలిసింది. పండు కాస్త మెత్తబడితే చాలు, డ్రైవరుగారి కంటే ముందే తెలిసిపోయేది వాటికి. ఆయన తన హారన్ గొంతుతో కేకలేశాడు. పక్కింటి కుక్క బెదిరింది గానీ పిట్టలు బెదరలేదు. కండక్టరమ్మ మాత్రం పిట్టల పక్షమే. చెట్టుకి తెలుసా అది ఎవరిదో, పండు పండితే ముందొచ్చిన వాళ్ళది అని తీర్పు చెప్పేసింది.

దాంతో ఆయనకి పౌరుషం వచ్చింది. తన పాత ఖాకీ యూనిఫాంలో గడ్డి కూరి నిలువెత్తు బొమ్మను చేశాడు. ఎక్కడో ఓ మూల నిలబెడితే సరిపోయేది. కానీ ఆయన డ్రైవరాయె, యూనిఫాం వేసుకున్నవాడు నిలబడటం ఆయన కంటికి ఆనదు. బొమ్మని తీసుకెళ్ళి తన సీట్లో కూర్చోబెట్టి, చేతులు స్టీరింగుకి కట్టి, నెత్తిన టోపీ పెట్టాడు. పక్కవీధిలో బట్టలు కుట్టే మరదలు, అంటే కండక్టరమ్మ చెల్లెలు, వచ్చి గుడ్డ మీద కళ్ళూ ముక్కూ కుట్టి పెట్టింది. నీకంటే ఇదే బాగుంది బావా, తిట్టదు, తినదు, దీన్నే ఉంచుకోమంటాను అక్కని, అని పోయింది.

మొదట్లో పిట్టలు దూరంగానే తిరిగాయి. డ్రైవరుగారు మీసం దువ్వుకున్నాడు. తర్వాత ఒక పికిలిపిట్ట గోడ మీద వాలింది. ఇంకో రోజు స్టీరింగు మీద వాలింది. ఆ ఖాకీ మనిషి అరవడు, కదలడు, రాయి విసరడు అని అర్థమయ్యాక, ఏకంగా టోపీ మీద కూర్చుని పండు తిన్నది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా అయింది ఆయన పని. పండ్లు పోయాయి, పైగా సీటు కూడా పోయింది.

ఒక మధ్యాహ్నం ఆయనకి సీటు మీద బెంగ పుట్టుకొచ్చింది. బొమ్మని లేపి గోడకి ఆనించి, తన చోట తాను కూర్చున్నాడు. ఒంటి మీదున్నది ఇంకో పాత ఖాకీ చొక్కానే. ఎండ మొహం మీద పడుతోందని బొమ్మ టోపీ తీసి పెట్టుకున్నాడు. సగం కొరికిన అంజూర పండు చేతిలో ఉండగానే కునుకు పట్టేసింది.

మెలకువ వచ్చేసరికి టోపీ మీద ఏదో బరువు. చిన్న గోళ్ళు గుడ్డని పట్టుకున్న చప్పుడు. అది టోపీ మీంచి స్టీరింగు మీదికి దూకింది, స్టీరింగు మీంచి ఆయన మణికట్టు మీదికి దూకింది. పికిలిపిట్ట. కుచ్చు ఊపుకుంటూ ఆయన వేళ్ళ మధ్యనున్న పండుని పొడుచుకుని తింటోంది. దాని కాళ్ళు వెచ్చగా ఉన్నాయి. ఇంత చిన్న ప్రాణానికి ఇంత వేడి ఉంటుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. ఊపిరి బిగబట్టి, కళ్ళు మాత్రమే పక్కకి తిప్పాడు.

గుమ్మంలో కడిగిన పళ్ళేలు పట్టుకుని కండక్టరమ్మ నిలబడి ఉంది. ఎంతసేపటి నించి చూస్తోందో ఏమో. పళ్ళెం పళ్ళేనికి తగిలి చప్పుడైంది, పిట్ట తుర్రుమంది. "మీ చేతి మీద వాలిందా?" అని మాత్రం అంది. జవాబు కోసం ఆగలేదు, లోపలికి వెళ్ళిపోయింది.

ఆవిడ అలిగితే మామూలుగా గిన్నెలు మాట్లాడతాయి. ఈసారి గిన్నెలు కూడా నోరు మెదపలేదు. అదే ఆయన్ని భయపెట్టింది. మర్నాడు నూకలు చల్లింది, మూకుడులో నీళ్ళు పోసింది. పండుముక్క మాత్రం పట్టుకు నిలబడలేదు. ఆ మర్నాడూ అంతే. పిట్ట తీగ మీద కూర్చుని కాసేపు చూసి వెళ్ళిపోయింది. ఆవిడ అటు తిరిగి కూడా చూడలేదు. ఏళ్ళ తరబడి పండు పెట్టిన మనిషిని కాదని, తరిమిన మనిషి చేతిలో వాలితే ఎవరికి మాత్రం మనసు విరగదు? తప్పు తనది కాదని డ్రైవరుగారికి తెలుసు. అయినా అన్నం సయించలేదు.

ఉపాయం తనే ఆలోచించాడు. ఖాకీ చొక్కా ఉతికి, మడత పెట్టి ఆవిడ ముందుంచాడు. ఇది వేసుకుని కూర్చుంటే నీ దగ్గరికీ వస్తుందన్నాడు.

ఆవిడ చొక్కా వైపు చూసింది. "అది మీ చొక్కాని నమ్మింది. నాన్న వేసుకున్నది ఏ చొక్కా అయినా ఆయన చేతిని నమ్మేది. చొక్కాని నమ్మిన పిట్ట నాకెందుకు?"

ఇక చేసేదిలేక మరదలి దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ మిషను తొక్కుతూనే సంగతంతా విన్నది. మీ అక్క బట్టలతో ఇంకో బొమ్మ కుట్టి సీట్లో పెడదాం, పిట్టకి అలవాటయ్యాక బొమ్మ తీసి మీ అక్కని కూర్చోబెడదాం అన్నాడు. మరదలు మిషను ఆపింది.

"బొమ్మ కూర్చుంటుంది బావా. అక్క కూర్చోవాలి కదా. అక్క కూర్చోగా నువ్వెప్పుడైనా చూశావా?"

ఎందుకు చూడలేదు అనబోయి ఆగాడు. జ్ఞాపకాల్లో వెతుక్కున్నాడు. బస్సులో అద్దంలో కనిపించే కండక్టరమ్మ ఎప్పుడూ నిలబడే ఉండేది, ఒక చెయ్యి పైన కడ్డీకి, ఇంకో చెయ్యి టికెట్లకి. ఆవిడకీ ఒక సీటుండేది, అందులో ఎప్పుడూ ఎవరో చంటిపిల్ల తల్లో, ఎవరో ముసలాయనో ఉండేవారు. ఇంటికొచ్చాక? పొయ్యి దగ్గర నిలబడేది. ఆయనకి వడ్డించి, తను వంటింటి గట్టుకి ఆనుకుని నాలుగు ముద్దలు తినేసేది. ఆయన వెతికిన కొద్దీ ఆవిడ నిలబడే కనిపించింది. మరదలు మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆయన చెప్పకుండానే లేచి వచ్చేశాడు.

ఆ మధ్యాహ్నం సీట్లో కూర్చున్నాడు గానీ కళ్ళు మూయలేదు. ఆవిడ బట్టలు ఆరేసింది, మోటారు వేసింది, పాదులకి నీళ్ళు కట్టింది, మోటారు ఆపడానికి పరుగెత్తింది, ఎండిన బట్టలు తీసింది, కాలు కాలిన పిల్లిలా పెరడంతా తిరుగుతూనే ఉంది. తీగ మీద పికిలిపిట్ట కూడా ఆయనలాగే ఆవిడ్నే చూస్తోంది. ఆవిడ ఎక్కడైనా ఆగితే తల వంచేది, ఇంతలో ఆవిడ మాయం. పిట్టకి ఆవిడంటే నమ్మకం లేక కాదు, నమ్మడానికి ఆవిడ ఒక చోట దొరికితేగా అనిపించింది ఆయనకి. ఆవిడ్ని అలా పరుగులు పెట్టిస్తున్నదెవరో తెలిసి సిగ్గేసింది. చెట్టు నాటాను, చెట్టు నాటాను అని ఊరంతా చెప్పుకున్నాడే, దానికి నీళ్ళు పోసిందెవరో ఒక్కసారి కూడా చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న బొమ్మని కొట్టంలో పడేశాడు. సీటు తడిగుడ్డతో తుడిచి, వంటింట్లోకి వెళ్ళి ఆవిడ చేతిలోంచి గరిటె తీసుకున్నాడు. పొయ్యి మీద కూర ఉందని ఆవిడ అంది. నేను చూస్తానన్నాడు. మీరా అని, జ్వరమేమోనని నుదురు ముట్టుకుని చూడబోయింది.

"ఉద్యోగమంతా నేను కూర్చున్నాను, నువ్వు నిలబడ్డావు. నా బుర్రకి ఇన్నాళ్ళకి తట్టింది. వెళ్ళి కూర్చో. ఇవాళ్టి నించి డ్యూటీ మార్పు."

ఆవిడ కొంగుకి చేతులు తుడుచుకుంది. వెళ్ళి కూర్చుంది. కూర్చోవడమంటే ఎలాగనుకున్నారు, వచ్చే స్టాపులో దిగాల్సిన ప్రయాణికురాలిలా సీటు అంచు మీద. కూర మాడుతోందని లేచింది. పిలిచి మళ్ళీ కూర్చోబెట్టాడు. మోటారు ఆపారా అంటూ లేచింది. ఆపలేదు, పరుగెత్తుకెళ్ళి ఆపాడు. ఆ వారంలో డ్రైవరుగారు చేసిన ఘనకార్యాలు ఇన్నీ అన్నీ కావు. కలుపు తీస్తున్నానని చిక్కుడు మొలకలన్నీ పీకేశాడు. పాదులకి పెట్టిన గొట్టంతో ఆరేసిన దుప్పట్లు తడిపాడు. చూడటానికొచ్చిన మరదలు కడుపుబ్బ నవ్వి, ఓ చెయ్యి వేస్తానంది. అక్కర్లేదని పంపించేశాడు. రోజు గడిచేసరికి నడుం పట్టేసేది. ఇదంతా ఆవిడ ఇన్నాళ్ళూ నవ్వుతూ ఎలా చేసిందో ఆయనకి అంతు పట్టలేదు.

ఆవిడ మాత్రం నెమ్మదిగా సీటుకి అలవాటు పడింది. ఒకరోజు వీపు ఆనించింది. ఇంకో రోజు చెప్పులు విడిచి కాళ్ళు చాపుకుంది. ఓ మధ్యాహ్నం ఆయన గొట్టం పట్టుకుని వస్తుంటే, ఆవిడ తల పక్కకి వాల్చి నిద్రపోతోంది. పగటిపూట ఆవిడ నిద్రపోగా చూడటం ఆయనకి అదే మొదలు. చప్పుడు కాకుండా వెనక్కి వెళ్ళాడు. ఆ రోజు పాదులు ఎండితే ఎండాయి.

పిట్టలు తొందరపడవు. ముందు తీగ, తర్వాత గోడ, తర్వాత స్టీరింగు. స్టీరింగు దాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి. ఆవిడ మళ్ళీ పండుముక్కతో చెయ్యి చాచి కూర్చునేది, పిట్ట మెడ చాచి చూసేది, మధ్యలో జానెడు దూరం. ఇక రాదులెండి, నాకు ఇదే చాలు అని ఆవిడ అన్న రోజున ఆయన చేతిలోని గొట్టం కింద పడేశాడు.

చెట్టు కొమ్మన ఒక పండు ఉంది. పిట్టల కంట పడకుండా గుడ్డ చుట్టి దాచుకున్నాడు, ఆ ఏడాది కాపులో దానంత పండు లేదు. వెళ్ళి కోశాడు. రెండుగా చీల్చి ఆవిడ అరచేతిలో పెట్టాడు. ఇది మీరు దాచుకున్నది కదా అంది ఆవిడ. దాచుకునేది పెట్టడానికే అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

వంట సగంలో ఉండగా ఉప్పు అయిపోయింది. కొత్త పొట్లం ఆవిడ ఎక్కడ పెట్టిందో దొరకలేదు. అన్ని డబ్బాల మూతలూ తీసి చూసి, గరిటె పట్టుకునే పెరటి గుమ్మంలోకి వచ్చి, పిలవడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

పికిలిపిట్ట ఆవిడ అరచేతిలో ఉంది. బొటనవేలి మీద ఒక కాలు, చూపుడువేలి మీద ఒక కాలు వేసి, పండు ఎర్రటి గుజ్జులో ముక్కు ముంచి తింటోంది. ఆవిడ మొహం పూర్తిగా కనిపించలేదు గానీ, చెంప మీద తడి కనిపించింది. పెదవులు నవ్వుతున్నాయి. వాళ్ళ నాన్న పక్కన నిలబడి తలెత్తి చూసిన పిల్ల అలాగే ఉండి ఉంటుంది. నాలుగు వీధులకి వినపడే తన గొంతుని డ్రైవరుగారు ఎలాగో మింగేసి, గడప మీదే కూలబడ్డాడు. ఆయన కళ్ళు కూడా తడిశాయి, తుడుచుకోవడానికి చెయ్యెత్తలేదు.

గరిటె గడపకి తగిలి టక్కుమంది. పిట్ట తల ఎత్తింది. అది ఆవిడ మొహంలోకి ఒకసారి చూసి, మళ్ళీ పండు మీదికి వంగింది.

కండక్టరమ్మ తల తిప్పలేదు. మెల్లగా, పిట్టకి చెబుతున్నట్టే అంది.

"ఏం కావాలన్నా లోపలే వెతుక్కోండి. నేను ఇప్పుడప్పుడే లేవను."