దగ్గు పరీక్ష

ఈ ఆసుపత్రిలో మాలాంటి ఆడవాళ్లకు చేసిన ఆపరేషన్లు నూటికి తొంభై ఎనిమిది విజయమట. గోడకు బోర్డు కట్టి మరీ చెప్పుకుంటున్నారు. ఆ బోర్డు కింద బెంచీ మీద నలుగురం కూర్చున్నాం. నలుగురి సంచుల్లోనూ మడతపెట్టిన గుడ్డలున్నాయి.

నేను హోటల్ దుప్పట్లు ఉతికే లాండ్రీలో పని చేస్తాను. మెషిన్లోంచి తడి దుప్పట్లు ఎత్తితే చాలు, మూత్రం కారిపోయేది. అందుకే ఆపరేషన్ చేయించుకున్నాను. మూడు నెలలకు పరీక్షకొస్తే డాక్టరమ్మ దగ్గమంది. చుక్క పడలేదు. ఫైల్లో ‘విజయం’ అని రాసింది. మర్నాడు దుప్పట్లు ఎత్తగానే మడమల దాకా కారింది. ఇవాళ కూడా అదే మాట రాస్తే ఫైలు మూసేస్తారు. ఆ తర్వాత నా గోడు వినే నాథుడుండడు.

పక్కనున్న రిటైరైన టీచరమ్మ లేచి బాత్రూంకి వెళ్లొచ్చింది. ఆమె వెనకే మిగతా ఇద్దరూ. అప్పుడు తట్టింది నాకు. పోయినసారి నేనూ అదే పని చేశాను. గడప దాటే ముందు ఖాళీ చేసుకోవడం ఏళ్ల నాటి అలవాటు. పైగా డాక్టరమ్మ బల్ల తడుస్తుందేమోనని భయం. ఆవిడ “నిండుగా ఉందా?” అనడిగితే సిగ్గుతో “ఉందండీ” అనేశాను. ఖాళీ బిందె వంచితే చుక్క పడుతుందా?

ఒళ్లు మండిపోయింది. కోపం సగం ఆవిడ మీద, సగం నా మీద.

“టీచరమ్మా, నిజం చెప్పండి. మీకు తగ్గిందా?”

“తగ్గిందనే చెప్తున్నానమ్మా. అంత కష్టపడి చేశారు, ఇంకా కారుతోందని ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

“అయితే ఆ బోర్డు రాసింది వాళ్లు కాదు, మన సిగ్గు.”

ఆవిడ తలెత్తి బోర్డు వంక చూసింది. నా వంతు వెనకున్న ఇద్దరికీ ఇచ్చేసి, రెండు సీసాల నీళ్లు తాగి గంటసేపు బిగబట్టుకు కూర్చున్నాను.

“నిండుగా ఉందా?” అంది డాక్టరమ్మ.

“పొర్లిపోయేంత.”

దగ్గాను. రెండు చుక్కలు పడ్డాయి.

“రెండు చుక్కలేగా. దీన్ని విజయం కిందే లెక్కేస్తాం,” అంటూ కలం తీసి ఆ మాటే రాసింది.

“దగ్గినందుకు నాకెవరూ జీతమివ్వరు డాక్టరమ్మా. నా పని చేసి చూపిస్తా, చూడండి.”

మూలనున్న ఇరవై లీటర్ల నీళ్ల క్యాను రెండు చేతులా ఎత్తాను. కాళ్ల వెంట వెచ్చగా కారి తెల్లటి గచ్చు మీద మడుగు కట్టింది. సిగ్గేసింది, అబద్ధమెందుకు. అయినా క్యాను దించలేదు. నర్సు గుడ్డ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

“ఆగమ్మా,” అన్నాను. “ముందు ఆవిణ్ణి రాయనీ. తర్వాత తుడుద్దువుగాని.”

డాక్టరమ్మ ఒకసారి గచ్చునీ, ఒకసారి నన్నూ చూసింది. ‘విజయం’ అన్నది కొట్టేసి, కళ్లతో చూసింది చూసినట్టు రాసింది. వచ్చే నెల మళ్లీ రమ్మంది. అప్పుడు దించాను క్యాను.

బయట నర్సు టీచరమ్మను పిలుస్తోంది. ఆవిడ కుళాయి దగ్గర నిలబడి సీసా ఎత్తి తాగుతోంది.

“ఓ గంట ఆగు తల్లీ,” అంది మూతి తుడుచుకుంటూ. “ఇంకా నిండలేదు.”