నూట పన్నెండో పేజీ

లార్చ్ ఫోర్క్ అనే కొండ ఊరి లైబ్రరీ అంటే ఒక పెద్ద గది, ఒక చిన్న గది, వాటి మధ్య ఒక బల్ల, ఆ బల్ల వెనక లోర్నా హావర్‌స్టాడ్. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడే. రెండేళ్ళ కిందట వేసవిలో మూడు వైపులా అడవి అంటుకుని, ఊరు ఊరంతా పదకొండు రోజులు పక్క ఊరి హైస్కూల్లో తలదాచుకుంది. ఆ తర్వాత కౌంటీ సర్కారు వాళ్ళకి జ్ఞానోదయమై, ఆపదలో పనికొచ్చే పుస్తకాలు ఒక అర నిండా కొనమని లైబ్రరీకి సొమ్ము ఇచ్చారు.

లోర్నా ఆ పని ఆషామాషీగా చెయ్యలేదు. మూడు వారాలు కూర్చుంది. ఆవిడకి కొన్ని పట్టింపులున్నాయి. పుస్తకం కోటు జేబులో పట్టాలి. చేతులు వణుకుతున్నప్పుడు కూడా చదవగలిగేంత పెద్ద అక్షరం ఉండాలి. ధైర్యంగా ఉండండి, ధైర్యంగా ఉండండి అని పది పేజీలు ఊదరగొట్టేది వద్దు. నీళ్ళు ఎంతసేపు మరిగించాలో సూటిగా చెప్పేది కావాలి. ప్రథమ చికిత్స పుస్తకాన్ని క్లినిక్ నర్సు చేత చదివించింది. కార్చిచ్చు గురించిన పుస్తకాన్ని ఫైర్ సర్వీసులో రిటైరైన బావగారికిచ్చింది. ఆయన రెండు పేజీల మీద కోపంగా పెన్సిలు గీతలు కొట్టి విసిరేస్తే, దాన్ని వాపసు పంపి ఇంకోటి తెప్పించింది. అడవిలో తినదగ్గ మొక్కల పుస్తకం ఒక్కటే ఎవరికీ చూపించలేదు. రంగురంగుల ఫోటోలు, నీళ్ళకి చెడని అట్ట, కొన్నవాళ్ళందరి మెప్పులు. ఇంత చక్కగా ఫోటోలుంటే ఇంకెవర్ని అడగాలి అనుకుంది.

కొత్తవాటికి చోటు కావాలి కదా. లైబ్రరీల్లో ఏటా ఒక కలుపుతీత ఉంటుంది. ఐదేళ్ళుగా ఎవరూ ఇంటికి పట్టుకెళ్ళని పుస్తకాన్ని జనవరిలో పీకేస్తారు. ఆ జనవరిలో పోయినవాటిలో పిన్నులు కొట్టిన సన్నటి పుస్తకం ఒకటుంది. ఈ లోయలో మొలిచేవాటి గురించి నలభై ఏళ్ళ కిందట ఈ నేలకి మొదట్నుంచీ చెందిన సాలిష్ తెగ ఆడవాళ్ళు కొందరు కూర్చుని తయారు చేసింది, చేత్తో గీసిన బొమ్మలతో. దాన్ని ఎవరూ ఇంటికి పట్టుకెళ్ళరు. ఎందుకంటే అందరూ అర దగ్గరే నిలబడి, కావలసింది చూసుకుని, మళ్ళీ అక్కడే పెట్టేసేవారు. ఆ సంగతి లోర్నాకి తెలుసు. తెలిసీ తీసేసింది. రూలంటే రూలే మరి.

మే నెలాఖరున ఒక మంగళవారం పొద్దున ఫిలోమీన్ పియర్ వచ్చింది. సాలిష్ పెద్దావిడ, ఎనభై దాటాయి, నాలుగు మైళ్ళ అవతల ఉంటుంది. చేతికర్ర బల్లకి ఆనించి అడిగింది.

"మా ఆ పాత పుస్తకం ఏదే లోర్నా? మా పెద్దక్క బొమ్మలేసింది. మనవరాలికి చూపిద్దామని వచ్చా."

లోర్నా మొహం చిన్నబోయింది. "అది తీసేశామండీ. దానికంటే మంచిది వచ్చిందిలెండి. ఇదిగో, ఎంత బాగుందో చూడండి."

"బాగానే ఉంది, పెళ్ళి ఆల్బంలా" అంటూ ఫిలోమీన్ కళ్ళజోడు పెట్టుకుని పేజీలు తిప్పింది. నూట పన్నెండు దగ్గర ఆగిపోయింది. "ఇదేంటి?"

"కామాస్ కదండీ. మీరు గోతిలో పెట్టి కాలుస్తారే, ఆ దుంప."

"కామాస్ పువ్వు నీలం. ఇది తెలుపు. ఇది చావు కామాస్."

"కింద కామాస్ అనే రాశారుగా?"

"రాశాడమ్మా. రాస్తే విషం దిగిపోద్దా? ఇదిగో పక్క పేజీ చూడు, చావు కామాస్ అని రాసి నీలం పువ్వు పెట్టాడు. తారుమారు చేశాడు. పైగా పువ్వు రాకముందే తవ్వమంటున్నాడు, అప్పుడైతే తియ్యగా ఉంటుందట! పువ్వు లేకపోతే మా అమ్మకి కూడా తేడా తెలిసేది కాదు. పువ్వుని కళ్ళారా చూడని దుంప మీద మేం చెయ్యి వెయ్యం. అక్క మొట్టమొదట రాసిందే ఆ మాట."

"తింటే ఏమవుతుంది?"

"వాంతులు. తర్వాత గుండె నెమ్మదిస్తుంది. ఆసుపత్రి దగ్గర్లో ఉంటే బతుకుతారు." ఫిలోమీన్ పుస్తకం మూసింది. "దీన్ని ఎంతమంది పట్టుకెళ్ళారు?"

లోర్నా కంప్యూటర్లో చూసింది. తొమ్మిది సార్లు వెళ్ళి వచ్చింది.

"ఎవరెవరు?"

ఆ పేర్లు లోర్నా దగ్గర లేవు. లేకుండా చేసుకున్నది కూడా ఆవిడే. పదేళ్ళ కిందట షెరీఫు ఆఫీసు నుంచి పోలీసు డెప్యూటీ వెండెల్ క్రౌజ్ వచ్చి, ఫలానా పుస్తకం చదివింది ఎవరో చెప్పమన్నాడు. ఇద్దరూ ఒకే బళ్ళో చదువుకున్నవాళ్ళే. అయినా లోర్నా బల్ల వెనక లేచి నిలబడి, "చెప్పను. ఎవరు ఏం చదువుతారో వాళ్ళ సొంత విషయం" అంది. ఊరు ఊరంతా ఆవిడ పక్షాన నిలబడింది. వారం రోజులు లైబ్రరీకి తినలేనన్ని తీపి పైలు కాల్చి తెచ్చారు. ఆ ఊపులో, పుస్తకం తిరిగి రాగానే తీసుకున్నవాళ్ళ పేరు దానంతటదే చెరిగిపోయేలా కంప్యూటర్లో ఏర్పాటు చేయించింది. ఇప్పుడు ఆ కంప్యూటర్ కంపెనీకి ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా, "వెనక్కి తేలేమండీ. తేలేకుండా ఉండాలని మీరే కదా అడిగారు" అంది.

ఫోన్ పెట్టేస్తుంటే గుర్తొచ్చింది.

కిందటి గురువారం. ఒక కుర్రాడు, పాతికేళ్ళు పైబడి ఉంటాయి, ఎండకి పెదాలు పగిలి ఉన్నాయి. ఇంటికి పట్టుకెళ్ళిన పుస్తకం తిరిగి తెచ్చి, నూట పన్నెండో పేజీ జిరాక్స్ తీసుకుని, దానికి లామినేషన్ చేసి పెడతారా అని అడిగాడు. ఒక్కడే తొమ్మిది రోజులు కొండల్లో నడుస్తాడట. పుస్తకం బరువట, ఈ ఒక్క దుంప గుర్తుపట్టగలిగితే తిండి మోత సగం తగ్గుతుందట.

"తడిస్తే పాడవదు కదండీ?"

"ఏట్లో పడ్డా పాడవదు."

"మరి నేను పడితే?"

"నీకు లామినేషన్ చెయ్యలేను బాబూ" అంది లోర్నా. ఇద్దరూ నవ్వుకున్నారు. అంచులు ముచ్చటగా కత్తిరించి, మూలన లైబ్రరీ ముద్ర కూడా వేసి ఇచ్చింది. అతను పుస్తకాన్ని వాపసు పెట్టెలో వేసి, తలుపు దగ్గర చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. పేరు అడగలేదు. ఎవర్నీ అనవసరంగా పేరు అడగకపోవడం ఆవిడకి గర్వకారణం.

వెండెల్‌కి తనే ఫోన్ చేసింది. అతను వచ్చి, టోపీ తీసి, అంతా విని గట్టిగా ఊపిరి వదిలాడు. "బాగుంది లోర్నా. అప్పుడు నేను అడిగితే చెప్పనన్నావు. ఇప్పుడు చెప్తానంటున్నావు, చెప్పడానికేమో లేదు."

"దెప్పింది చాలు. వెతుకు."

"ఎక్కడని వెతకను? కొండల్లోకి దారులు నలభై. ఫారెస్టు వాళ్ళు ముగ్గురు. ఏ దారంట పోయాడో తెలిస్తే కదా." అయినా పాపం నలభై దారుల మొదట్లోనూ కాగితాలు అంటించి వచ్చాడు. అప్పటికే లోపలికి వెళ్ళినవాడు వెనక్కొచ్చి వాటిని చదువుకుంటాడా? ఆ సంగతి వెండెల్‌కీ తెలుసు.

రేడియోలో చెప్పించారు. తొమ్మిది మందిలో ఆరుగురు వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. ఒకావిడ పుట్టగొడుగుల పేజీలు మాత్రమే చూసిందట. ఒక ముసలాయన, "చదవలేదమ్మా, కాలు కురచైన బల్ల కింద పెట్టా, సరిగ్గా సరిపోయింది" అన్నాడు. వేరే రోజయితే లోర్నా ఆయనతో దెబ్బలాడేది. ఆ రోజు ఆయన్ని కౌగిలించుకోవాలనిపించింది.

మిగిలింది కార్డుల జాబితా. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో లేదు గానీ, కార్డులున్నవాళ్ళ పేర్లు, నంబర్లు ఉన్నాయి. ఆ కుర్రాడు పుస్తకం తీసుకున్నాడంటే కార్డు ఉంటుంది. ముఖం పాతది కాదు, అంటే ఈ వసంతంలో వచ్చినవాడే. మార్చి నుంచి కొత్త కార్డులు అరవై రెండు. ఫిలోమీన్ తనని కార్లో దించిన మనవరాలి చేత ఇంటికి కబురు పంపి, తను లోర్నా పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది. "నువ్వు ఫోన్లు చెయ్యి. నేను గీతలు కొడతా."

"మిమ్మల్ని ముందే అడగాల్సింది" అంది లోర్నా.

"అడగాల్సింది" అంది ఫిలోమీన్. కాదని ఊరుకోబెట్టే మనిషి కాదావిడ.

సాయంత్రానికి యాభై ఒక్క గీతలు పడ్డాయి. పదకొండు మంది ఫోన్ ఎత్తలేదు. కొండల్లో సిగ్నల్ ఉండదని ఆ ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. తెలిసినా లోర్నా నాలుగు రోజులు, రోజుకోసారి, ఆ పదకొండు నంబర్లకీ చేసింది. పదకొండు హుషారైన గొంతులు తాము లేమని చెప్పడం, బీప్ అనడం, ఆవిడ మొదలుపెట్టడం. "లైబ్రరీ నుంచి లోర్నా. ఆ కాగితం మీది బొమ్మ తప్పు. ఆ దుంప తినొద్దు. ఇది వినగానే ఫోన్ చెయ్యండి." చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని ఆవిడకి తెలుసు. కానీ పట్టుకోకుండా ఎలా ఉంటుంది? చెయ్యడానికి ఇంకేమీ లేదు.

శనివారం మధ్యాహ్నం వెండెల్ వచ్చాడు. తలుపు తియ్యకముందే టోపీ చేతిలో ఉంది. చావు కబురు చెప్పేటప్పుడే వెండెల్ టోపీ ముందే తీస్తాడని లోర్నాకి తెలుసు.

అతను రెండు ప్లాస్టిక్ సంచులు బల్ల మీద పెట్టాడు. ఒకదాన్లో లామినేషన్ చేసిన పేజీ. మూలన లైబ్రరీ ముద్ర. ఎక్కడా తడి అంటలేదు, చెక్కు చెదరలేదు. రెండో సంచిలో ఫోన్.

"నారో లేక్ పైన, కొండ మీద. నిన్న సాయంత్రం ఎవరో నడిచేవాళ్ళకి కనిపించాడు."

"ఊపిరి..."

"లేదు లోర్నా. రెండు రోజులై ఉంటుంది. పేరున్న కాగితం ముక్క ఒక్కటి లేదు. బరువని పర్సు కూడా తెచ్చుకున్నట్టు లేడు. కారు లేదు, ఎవరో దించి పోయుంటారు. ఫోన్ చార్జింగ్ పెట్టాం గానీ లాక్ తెరుచుకోలేదు. తెర మీద మాత్రం నాలుగు మెసేజులు కనబడుతున్నాయి. నంబరు ఈ లైబ్రరీది. ఎవరతను?"

పదేళ్ళ కిందట ఇదే బల్ల దగ్గర ఇదే మనిషి ఇదే అడిగాడు.

"తెలీదు" అంది లోర్నా.

"నాలుగు సార్లు ఫోన్ చేశావు!"

"పదకొండు మందికి చేశాను వెండెల్."

ఫిలోమీన్ మెల్లిగా జాబితా తీసి బల్ల మీద పరిచింది. సంచిలోని ఫోన్ని మధ్యకి జరిపింది. "చెయ్యి తల్లీ. ఒక్కొక్కటే. వాడి వాళ్ళు ఎక్కడో ఎదురు చూస్తుంటారు."

లోర్నా లైబ్రరీ ఫోన్ అందుకుంది. మొదటి నంబరు నొక్కింది. బల్ల మీది ఫోన్ కదలలేదు. రెండోది. మూడోది. మోగని ప్రతి నంబరుకీ ఎవరో తల్లి కొడుకు బతికినట్టనిపించి, ఆ వెంటనే అలా అనిపించినందుకు సిగ్గేసింది. నాలుగు, ఐదు, ఆరు. అసలు ఏదీ మోగకపోతే బాగుండును, ఇతనెవరో వేరే ఊరివాడు, వేరే లైబ్రరీ, వేరే లోర్నా అయితే బాగుండును.

ఏడో నంబరుకి సంచిలోని ఫోన్ వెలిగి, బల్ల మీద గిరగిరా తిరుగుతూ మోగింది.

ఫిలోమీన్ వేలు పెట్టి చదివింది. "కాల్డర్ వీస్. వయసు ఇరవై ఏడు."

వెండెల్ రాసుకున్నాడు. లోర్నా రిసీవరు పెట్టలేదు. సంచిలో మోత ఆగింది. చెవిలో ఆ గొంతు వచ్చింది. నాలుగుసార్లు విని పోల్చుకోలేకపోయిన గొంతు: "ఇప్పుడు అందుబాటులో లేనండీ. వచ్చాక చేస్తా. మీరెవరో చెప్పండి."

బీప్ అంది.

"లైబ్రరీ నుంచి లోర్నా" అంది ఆవిడ, అలవాటు కొద్దీ. అవతల రికార్డవుతూనే ఉంది.