రూల్సు సార్ రూలు

మా గైడుని అందరం రూల్సు సార్ అంటాం, ఆయనకి వినపడకుండా. మా యాక్సిలరేటర్ ల్యాబులో ఆయన పెట్టిన రూళ్ళకి అంతు లేదు. వాటిలో తాళంచెవి రూలు మాత్రం కాదనలేం. ప్రోటాన్లు దూసుకొచ్చి టార్గెట్‌ని కొట్టే గదిలోకి ఎవరు వెళ్ళినా, బయట బోర్డు నుంచి ఒక తాళంచెవి తీసుకుని జేబులో వేసుకోవాలి. చెవులన్నీ తిరిగి బోర్డుకి చేరితేనే బీమ్, అంటే ఆ ప్రోటాన్ల ధార, వస్తుంది. ఒక్కటి తక్కువైనా లోపల మనిషి ఉన్నాడనుకుని మెషీను మొండికేస్తుంది. చెవితో సహా బయటికి చక్కాపోయిన మహానుభావులెవరైనా ఉంటే, వాళ్ళ గ్రూపు బీమ్ ఆ రోజుకి పక్క గ్రూపుది.

ఆ రోజు బీమ్ నాది. నా థీసిస్‌కి మిగిలింది ఆ ఒక్క కొలతే. తప్పితే మళ్ళీ నా వంతు వచ్చే ఏడాదే.

పొద్దున్నే సారూ నేనూ లోపలికెళ్ళి టార్గెట్ రేకు బిగించాం. బయటికొస్తూనే సార్ క్లాసుందని పరిగెత్తారు. నేను నా చెవి బోర్డులో పెట్టి, మెషీను నడిపే ఆపరేటరక్క వైపు చూశాను.

"ఒకటి తక్కువుందమ్మా," అంది అక్క.

గదంతా గాలించాం. నా బ్యాగు బోర్లించాను. పక్క గ్రూపు పొడుగబ్బాయి గోతికాడ నక్కలా కూర్చుని, "నీ దగ్గరే ఉంటుంది, సరిగ్గా చూసుకో," అన్నాడు. ఒళ్ళు మండింది. సార్‌ని అనుమానించే ధైర్యం ఎవరికుంది? చివరికి నేనే తెగించి క్లాసుకి వెళ్ళాను.

"తాళంచెవి పట్టుకుపోవడం కంటే బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు," అని ఫస్టియర్ వాళ్ళకి చెబుతూ, సార్ చాక్‌పీసు కోసం జేబులో చెయ్యి పెట్టారు. చెవి వచ్చింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. క్లాసంతా ఘొల్లుమంది.

"సార్, ల్యాబులో ఎవరికీ చెప్పను. ఇటివ్వండి," అన్నాను గుసగుసగా.

"రూలు పెట్టిందెవరమ్మా?"

"మీరే సార్."

"మరి?"

తప్పు ఆయనది, శిక్ష నాకు. కోపంతో ఏడుపొచ్చింది. సార్ ల్యాబుకి వచ్చి, చెవి తనే బోర్డులో పెట్టి, తప్పు తనదని చెప్పి, బీమ్ పొడుగబ్బాయికి ఇచ్చేశారు. తర్వాత నా వైపు తిరిగి, "రేపటి నా బీమ్ నువ్వు తీసుకో," అన్నారు.

నా కోపం కాస్తా ఎటో పోయింది. ఏళ్ళ తరబడి తన చేతులతో కట్టుకున్న, గామా కిరణాలని పట్టే డిటెక్టర్‌ని ఆయన మొదటిసారి పరీక్షించుకోవాల్సిన రోజది. వచ్చే ఏడాది వంతు వచ్చేసరికి ఆయన రిటైరైపోతారు.

"మరి మీ డిటెక్టరో?"

"దాని రాత అంతేలే."

నాకు ఆ మాట మింగుడుపడలేదు. మర్నాడు సార్ వచ్చేలోపు ఆపరేటరక్కా నేనూ లోపలికెళ్ళి, టార్గెట్‌కి ఒక పక్క నా డిటెక్టర్, రెండో పక్క ఆయనది బిగించాం. ప్రోటాన్లు తగిలితే రేకు నుంచి వచ్చే గామా కిరణాలు అన్ని వైపులా పోతాయి, ఒక్కళ్ళ సొత్తేం కాదుగా. సార్ వచ్చి కూర్చున్నాక బీమ్ వచ్చింది. స్క్రీన్ మీద నా డిటెక్టర్ పట్టిన కిరణాల పీక్ శిఖరంలా లేచింది. కాసేపటికి పక్క స్క్రీన్ మీద ఆయనదీ లేచింది.

సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"రెండో డిటెక్టర్‌కి నా అనుమతి తీసుకోలేదు నువ్వు," అన్నారు.